గుర్రం వీర్యం ఫ్రీజింగ్‌కి మూడు ఎక్స్‌టెండర్లు: ఏది ఎవరికి పనికొస్తుంది

ఆవు, గేదె స్ట్రాలతో (గడ్డకట్టించిన వీర్యం ఉండే సన్నని గొట్టాలు) ఏళ్ల తరబడి పనిచేసిన చెయ్యి కూడా గుర్రం దగ్గరికి వచ్చేసరికి తడబడుతుంది. ఆబోతు వీర్యమైతే పావు మిల్లీలీటరు స్ట్రాలో 2 కోట్ల కణాలు పడితే డోసు సిద్ధం. కరిగిస్తే సగం దాకా కదులుతాయి, ఎవరూ ఆశ్చర్యపోరు. అదే చెయ్యి, అదే పెట్టె, అదే ద్రవ నైట్రోజన్‌తో స్టాలియన్ (మగ గుర్రం) వీర్యం గడ్డకట్టిస్తే, కరిగించాక ఒక గుర్రం కణాల్లో 50 శాతం కదులుతూ లేస్తాయి, పక్క షెడ్డులో గుర్రానిది 10 శాతం దగ్గరే కూలబడుతుంది. ఫ్రీజింగ్‌కి ఆగని ఆబోతును సెమెన్ స్టేషన్ నుంచి తీసేస్తారు. అలా తరతరాలుగా జల్లెడ పడుతూ వచ్చిన జాతి అది. గుర్రాన్ని ఎంచుకున్నది మాత్రం పరుగు చూసి, వంశం చూసి, మార్వారీ అయితే చెవుల మెలిక చూసి. దాని వీర్యం చలికి ఆగుతుందా అని అడిగినవాళ్లు లేరు.

అందుకే గుర్రాల్లో ఎక్స్‌టెండర్ (వీర్యంలో కలిపి కణాలను చలి నుంచి కాపాడే ద్రవం) ఎంపిక ఇంత పెద్ద విషయమైంది. ఇక్కడ పక్కపక్కన పెట్టి చూస్తున్నవి మూడు. ఒకటి బోటుక్రయో, బ్రెజిల్‌లో సావో పాలో రాష్ట్రంలోని బొటుకాటు ఊరి కంపెనీ బోటుఫార్మా తయారీ. రెండోది ఫ్రాన్స్‌కు చెందిన ఐఎంవీ టెక్నాలజీస్ వారి ఇన్రా ఫ్రీజ్. మూడోది ల్యాబులో మనమే కలుపుకునే లాక్టోజ్–ఈడీటీఏ–పచ్చసొన మిశ్రమం. తీర్పు ముందే చెప్పేస్తాను. చల్లబడే వేగాన్ని తానే నియంత్రించే ప్రోగ్రామబుల్ ఫ్రీజర్ లేకుండా, ద్రవ నైట్రోజన్ పోసిన థర్మాకోల్ పెట్టెతో పనిచేసేవాళ్లకు బోటుక్రయో. ఫ్రీజర్ మిషను ఉండి, దాన్ని నడపడం తెలిసినవాళ్లకు ఇన్రా ఫ్రీజ్ కూడా అంతే మంచిది. ఇంటి మిశ్రమం చెయ్యి తిరగడానికి బాగుంటుంది, అమ్మే డోసులకు వద్దు. ఒక్క మాట మాత్రం గట్టిగా గుర్తుంచుకోవాలి: ఏ సీసా మీద ఏం రాసి ఉన్నా, మీ గుర్రానికి ఏది నప్పుతుందో ఒకే కలెక్షన్‌ను రెండుగా చీల్చి చూస్తే తప్ప తెలియదు.

బోటుక్రయో ప్రత్యేకత దాని క్రయోప్రొటెక్టెంట్‌లో, అంటే గడ్డకట్టేటప్పుడు కణాన్ని కాపాడే పదార్థంలో ఉంది. గ్లిసరాల్ 1 శాతమే, మిగతా పని 4 శాతం మిథైల్‌ఫార్మమైడ్ చేస్తుంది. గ్లిసరాల్ అణుభారం 92, మిథైల్‌ఫార్మమైడ్‌ది 59. చిన్న అణువు పొరలోంచి తొందరగా లోపలికి పోతుంది, కరిగించినప్పుడు అంతే తొందరగా బయటికి వస్తుంది. గ్లిసరాల్ అలా కాదు. అది లోపలికి పోయేలోగా కణం నీరు వదిలి కుంచించుకుపోతుంది, బయటికి వచ్చేటప్పుడు ఉబ్బుతుంది. ఈ కుంచించుకోవడం, ఉబ్బడంలోనే స్టాలియన్ కణాల పొర చిరుగుతుంది. గ్లిసరాల్‌తో బాగా ఫ్రీజయ్యే గుర్రానికి ఈ తేడా పెద్దగా కనిపించదు. గ్లిసరాల్‌తో కూలబడే గుర్రాల్లోనే ఈ ఎక్స్‌టెండర్ తన పైసలు వసూలు చేస్తుంది. మిథైల్‌ఫార్మమైడ్ లాంటి అమైడ్ల మీద పని బ్రెజిల్‌లో అంతగా సాగడానికి కారణం కూడా అదే: అక్కడి మంగలార్గా మర్చడోర్ గుర్రాల వీర్యం గ్లిసరాల్‌తో సరిగా ఫ్రీజయ్యేది కాదు.

ఇక వాడకం. బోటుక్రయోలో ఏమీ కలపనక్కర్లేదు, విడిగా గ్లిసరాల్ పోసే మెట్టు లేదు. ఇది చిన్న సౌకర్యంలా కనిపిస్తుంది గానీ, రెండు భాగాలుగా పోసే పద్ధతుల్లో సగం తప్పులు ఆ రెండో భాగం దగ్గరే జరుగుతాయి. అయితే ఎక్స్‌టెండర్ పోసే ముందు జరగాల్సిన పని చాలా ఉంది. ఆ పని పాడైతే ఏ సీసా అయినా ఒకటే.

వీర్యం సేకరించే కృత్రిమ యోని లోపలి వేడి 44 నుంచి 48 డిగ్రీల మధ్య ఉండాలి. 50 దాటితే వీర్యం వెంటనే దెబ్బతింటుంది. మిజోరీ మోడల్ తేలిక, తోలు కవరు ఉంటుంది, ఒక్క మనిషి పట్టుకోగలడు. కొలరాడో మోడల్ బరువు గానీ వేడి ఎక్కువసేపు నిలుపుతుంది. సీసా మూతి దగ్గర నైలాన్ ఫిల్టరు పెట్టడం మరిచిపోతే వీర్యంతోపాటు వచ్చే జిగురు (జెల్) అంతా కలిసిపోతుంది, తర్వాత దాన్ని వేరుచేయడం నరకం. గుర్రం తోక పైకీ కిందికీ ఊపడం మొదలెట్టగానే వీర్యం వస్తున్నట్టు లెక్క. ఆరు నుంచి పది చిమ్ముల్లో వస్తుంది, కణాల్లో ఎక్కువ భాగం మొదటి మూడింటిలోనే. చివరి చిమ్ములు ఎక్కువగా ప్లాస్మా (కణాలు కాని ద్రవభాగం), జెల్. ఫ్రీజింగ్‌కి ప్లాస్మా శత్రువు కాబట్టి అవి సీసాలో పడకపోయినా నష్టం లేదు.

జెల్ తీసిన వీర్యాన్ని కలెక్షన్ అయిన వెంటనే, 37 డిగ్రీలకు వేడెక్కి ఉన్న పాల ఎక్స్‌టెండర్‌తో కనీసం సమానంగా పలచన చేయాలి. ఇన్రా 96 దీనికి చక్కగా సరిపోతుంది: శుద్ధి చేసిన పాల ప్రొటీన్, లోపలే పెన్సిలిన్, జెంటామైసిన్, యాంఫోటెరిసిన్ ఉంటాయి. అది లేకపోతే కెన్నీ ఎక్స్‌టెండర్: 100 మి.లీ.కి గ్లూకోజ్ 4.9 గ్రాములు, వెన్న తీసిన పాలపొడి 2.4 గ్రాములు, గుర్రం వీర్యానికి పడే యాంటిబయాటిక్. కణాల లెక్క మాత్రం పాలు కలపక ముందే తీయాలి. కాంతితో గాఢత కొలిచే డెన్సిమీటరు మబ్బుగా ఉన్న ద్రవంలో పాలను కూడా కణాలుగా లెక్కేస్తుంది. న్యూబాయర్ చాంబర్ (మైక్రోస్కోపు కింద కణాలు లెక్కపెట్టే గళ్ల స్లైడు) వాడేవాళ్లు ఫార్మాల్ సెలైన్‌తో 1కి 100 పలచన చేసి లెక్కపెడితే చాలు.

సెంట్రిఫ్యూజ్ దగ్గర కాస్త ఆగాలి. ఎక్కువమంది నోట వినిపించే మాట: ‘2000 ఆర్‌పీఎం, 10 నిమిషాలు’. ఆ మాటకి అర్థం లేదు. కణాలను తొక్కేది ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) కాదు, జీ (భూమి ఆకర్షణకు ఎన్ని రెట్ల బలం అన్న కొలత). లెక్క సులువే: తిరిగే కేంద్రం నుంచి ట్యూబు అడుగు దాకా వ్యాసార్ధం సెంటీమీటర్లలో కొలిచి, దాన్ని ఆర్‌పీఎంతో రెండుసార్లు గుణించి, 0.00001118తో గుణించాలి. 10 సెం.మీ. రోటరులో 2000 ఆర్‌పీఎం అంటే 447 జీ. 16 సెం.మీ. రోటరులో అదే 2000 అంటే 716 జీ. ఒకటి మెత్తగా పోతుంది, కణాలు కొన్ని పైనే తేలుతూ ఉంటాయి. రెండోది అడుగున గట్టిగా తొక్కేస్తుంది. కుషన్ (ట్యూబు అడుగున పోసే, వీర్యం కంటే బరువైన ద్రవం) లేకుండా చేసేటప్పుడు 600 జీ, 10 నిమిషాలు సరైన కొలత. 16 సెం.మీ. రోటరుకి అది సుమారు 1830 ఆర్‌పీఎం, 10 సెం.మీ. రోటరుకి 2320 దగ్గర.

ఆగాక ట్యూబును తీసేటప్పుడు అడుగున ఉన్న ముద్దను చూడండి. గుర్రం కణాల ముద్ద ఆబోతు కణాలంత గట్టిగా కూర్చోదు. ట్యూబు వంచి పైనీళ్లు ఒంపేస్తే ముద్ద అంచు కరిగిపోతూ నీళ్లతోపాటే జారిపోతుంది. అందుకే పిపెట్‌తో పైనుంచి మెల్లగా పీల్చి, అడుగున 2–3 మి.లీ. వదిలేయాలి. ఆ కొంచెం ప్లాస్మా ఉండటం వల్ల హాని లేదు, మొత్తం తీసేయాలనే ఆత్రం వల్లే హాని. ముద్దను విడదీయడానికి పిపెట్‌తో గట్టిగా చిమ్మకండి. ఎక్స్‌టెండర్ ఒకటి రెండు మి.లీ. పోసి, ట్యూబును అరచేతుల మధ్య తిప్పితే అదే విడిపోతుంది.

కుషన్ ద్రవం కొనడం వృథా ఖర్చని చాలామంది అనుకుంటారు. లెక్క చూద్దాం. జెల్ లేని వీర్యం 50 మి.లీ., మి.లీ.కి 18 కోట్లు, అంటే మొత్తం 900 కోట్ల కణాలు. కుషన్ లేకుండా 600 జీలో ఐదో వంతు పోయిందనుకుంటే 720 కోట్లు మిగులుతాయి. బోటుక్రయోలో మి.లీ.కి 20 కోట్లు వచ్చేలా కలిపితే 36 మి.లీ., అంటే అర మిల్లీలీటరు స్ట్రాలు 72, ఒక్కో దానిలో 10 కోట్లు. కరిగించాక ముందుకు కదిలేవి 25 కోట్లు ఉండాలన్నది డోసుకు వాడుకలో ఉన్న కొలత. 35 శాతం లేచే గుర్రానికి ఎనిమిది స్ట్రాలు పడితే గానీ ఆ 25 కోట్లు రావు, అంటే ఆ కలెక్షన్‌కి తొమ్మిది డోసులు. 50 శాతం లేస్తే ఐదు స్ట్రాలు చాలు, డోసులు పద్నాలుగు. ఇప్పుడు కుషన్ పెట్టి, ట్యూబు అడుగున అయోడిక్సనాల్ ద్రవం 3.5 మి.లీ. పొడవాటి సూదితో కిందినుంచి పోసి, 1000 జీ, 20 నిమిషాలు తిప్పితే పోయేది 5 శాతం లోపే. 855 కోట్లు, 85 స్ట్రాలు, పదో పదిహేడో డోసులు. ఒక్కో కలెక్షన్‌కి ఒకటి నుంచి మూడు డోసులు అదనం, ముద్ద నలిగిపోవడం అనే గొడవ కూడా లేదు. అదే 900 కోట్లు ఆబోతువైతే 450 డోసులు అయ్యేవి. ఈ తేడా తెలియకుండా ‘కలెక్షన్‌కి వందల డోసులు’ అని గుర్రం యజమానికి మాటిచ్చి ఇరుక్కునేవాళ్లు తక్కువేం కాదు.

కుషన్ వాడితే కణాలు అడుగున కాక కుషన్ మీద పొరలా కూర్చుంటాయి. పైనీళ్లు తీశాక, సూదితో అడుగునుంచి కుషన్‌ను కూడా లాగేయాలి. అది మిగిలితే స్ట్రాలోకి పోతుంది, గాఢత లెక్క తప్పుతుంది.

బోటుక్రయో కలిపాక స్ట్రాలు గది ఉష్ణోగ్రతలో నింపి, 5 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఉంచాలి. 20 డిగ్రీల నుంచి 5 డిగ్రీలకు దిగే దారిలోనే స్టాలియన్ కణం పొర గడ్డకట్టే నెయ్యిలా మారుతుంది. బోటుక్రయోలో ఉండే పచ్చసొన కొవ్వుకు ఇక్కడే పని. స్ట్రా నింపేటప్పుడు సెంటీమీటరు గాలిబుడగ వదలాలి. గడ్డకట్టే ద్రవం ఉబ్బుతుంది. బుడగ లేకపోతే ఫ్యాక్టరీ దూది ప్లగ్ బయటికి తన్నేస్తుంది, లేదా కరిగించే నీళ్లలో స్ట్రా పేలుతుంది. స్ట్రా మీద గుర్రం పేరు, తేదీ, బ్యాచ్ నంబరు ప్రింటు కావాలి. మార్కరు రాత నైట్రోజన్‌లో నిలవదు.

థర్మాకోల్ పెట్టె విషయంలో కొలత ఒక్కటే: స్ట్రాకి, నైట్రోజన్ మట్టానికి మధ్య 6 సెం.మీ., 20 నిమిషాలు, ఆ తర్వాత ముంచేయడం. ఈ ఒక్క కొలత దగ్గరే ఎక్కువ బ్యాచ్‌లు పోతాయి. నైట్రోజన్ పోయగానే పొంగుతుంది, పెట్టె గోడలు చల్లబడేదాకా మట్టం నిలబడదు. కనీసం పది నిమిషాల ముందే పోసి, పొగ సద్దుమణిగాక స్కేలుతో కొలవండి. గోడలకు తగిలించే ర్యాకు అయితే నైట్రోజన్ ఆవిరవుతున్న కొద్దీ దూరం పెరుగుతూ పోతుంది: 6 కాస్తా 7 అవుతుంది, చలి నెమ్మదిస్తుంది. తేలే ర్యాకు మట్టంతోపాటే దిగుతుంది, అదే కొనండి. 6కి బదులు 3 సెం.మీ. పెడితే తొందరగా గడ్డకడుతుంది, కణంలోని నీరు బయటికి పోయే వ్యవధి దొరక్క లోపలే మంచు కడుతుంది. 10 సెం.మీ. పెడితే నెమ్మదిగా గడ్డకడుతుంది, ఈసారి కణం బయట ఉప్పు చిక్కబడి చంపుతుంది. చచ్చే దారి వేరు, స్ట్రా కరిగించినప్పుడు కనిపించేది మాత్రం ఒకటే: కదలని కణాలు. మధ్యలో మూత తెరిచి చూడాలనిపిస్తుంది. చూడకండి. ఫ్రిజ్‌నీ పెట్టెనీ పక్కపక్కనే పెట్టుకోవాలి. 5 డిగ్రీల స్ట్రాలను పట్టుకుని ఎండాకాలం గదిలో నాలుగడుగులు నడిస్తే అంతసేపు చల్లార్చినదంతా వృథా.

ఇన్రా ఫ్రీజ్ వేరే తరహా పని. ఇందులో క్రయోప్రొటెక్టెంట్ గ్లిసరాల్, సుమారు 2.5 శాతం. పచ్చసొన బదులు దాని ప్లాస్మా, అంటే గుళికలు తీసేసిన ద్రవభాగం ఉంటుంది కాబట్టి మైక్రోస్కోపులో అడ్డం వచ్చే గుళికలు తక్కువ. కణాల గాఢత మి.లీ.కి 10 కోట్లు, స్ట్రాకి 5 కోట్లు. ఫ్రెంచి లెక్కలో డోసుకు ఎనిమిది స్ట్రాలు, 40 కోట్లు. 22 డిగ్రీల నుంచి 4 డిగ్రీలకు గంట దాకా నెమ్మదిగా దించి, అక్కడినుంచి మిషన్‌లో నిమిషానికి 60 డిగ్రీల చొప్పున మైనస్ 140 దాకా తీసుకుపోతారు. ఇది క్రమశిక్షణ కోరే పద్ధతి. మిషను ఉంటే ఇవాళ చేసిన బ్యాచ్, వచ్చే నెల చేసే బ్యాచ్ ఒకేలా వస్తాయి. పెట్టె ఎప్పటికీ అంత నమ్మకం ఇవ్వదు. లోపం ఏంటంటే స్ట్రాకి సగమే కణాలు కాబట్టి జార్‌లో చోటు రెట్టింపు కావాలి. గ్లిసరాల్ పడని గుర్రానికి మిషను కూడా ఏమీ చేయలేదు. లక్షలు పోసి ఫ్రీజర్ కొని, వేరే ఎక్స్‌టెండర్ సీసా ఒకటి తెప్పించడానికి చెయ్యి రానివాళ్లను చూస్తే, పెళ్లి పందిరికి అప్పుచేసి పప్పులో ఉప్పు మరిచినట్టు ఉంటుంది.

ఇంటి మిశ్రమానికి 1979 నాటి మార్టిన్ పద్ధతి ఇది. 11 శాతం లాక్టోజ్ ద్రావణం 50 మి.లీ., గ్లూకోజ్–ఈడీటీఏ ద్రావణం 25 మి.లీ., పచ్చసొన 20 మి.లీ., గ్లిసరాల్ 5 మి.లీ., ఈక్వెక్స్ డిటర్జెంట్ అర మి.లీ. గ్లూకోజ్–ఈడీటీఏ ద్రావణంలో 100 మి.లీ.కి గ్లూకోజ్ 6 గ్రాములు, సోడియం సిట్రేట్ 0.375, డైసోడియం ఈడీటీఏ 0.37, సోడా బైకార్బ్ 0.12. తాజా గుడ్డు కావాలి. తెల్లసొన ఒంపేసి, పచ్చసొనను ఫిల్టరు పేపరు మీద దొర్లించాలి. చుట్టూ అంటుకున్న తెల్లసొన కాగితానికి అంటుకుపోతుంది. తర్వాత కాగితాన్ని మడిచి, పైపొరకు సూదితో పొడిచి, సొనను మాత్రమే సిలిండరులోకి జార్చాలి, పొర కాగితం మీదే ఉండిపోవాలి. గ్లిసరాల్ తప్ప మిగతావన్నీ కలిపి, 10,000 జీలో తిప్పి, పైన తేరినది మాత్రమే వాడాలి. ఆఖరున గ్లిసరాల్. ఇంత చేసినా గుడ్డుకీ గుడ్డుకీ తేడా, చేతికీ చేతికీ తేడా. 5 శాతం గ్లిసరాల్ చాలా గుర్రాలకు ఎక్కువే. కానీ పదిసార్లు దీన్ని కలిపిన మనిషికి రెడీమేడ్ సీసాలో ఏముందో, ఎందుకుందో బాగా అర్థమవుతుంది. నేర్చుకునే పిల్లలకు దీనితోనే మొదలెట్టించడం మంచిది.

కరిగించడం. అర మిల్లీలీటరు స్ట్రాకి 37 డిగ్రీలు, 30 సెకన్లు. బోటుక్రయోకి 46 డిగ్రీలు, 20 సెకన్లు కూడా వాడుకలో ఉంది. అందులో ఫలితం కొంచెం మెరుగే కావచ్చు గానీ, అయిదు సెకన్లు ఆలస్యమైతే అంతా పోతుంది. పొలం దగ్గర, లాయంలో పని అయితే 37 దగ్గరే ఉండిపోండి. స్ట్రా తుడిచి ఆరాకే కత్తిరించాలి. ఒక్క నీటిచుక్క లోపలికి పోయినా తోకలు మెలితిరిగిన కణాలు కనిపిస్తాయి, నెపం ఎక్స్‌టెండర్ మీద పడుతుంది. చూసేముందు 37 డిగ్రీల ఎక్స్‌టెండర్‌తో మి.లీ.కి నాలుగైదు కోట్లకు పలచన చేసి, పది నిమిషాలు ఆగి చూడండి. కరిగించగానే చూసిన అంకె ఎప్పుడూ అందంగానే ఉంటుంది. సర్టిఫికెట్ల మీద ‘మొత్తం కదలిక 55’ అని రాసి అమ్ముతుంటారు. మీకు కావాల్సింది ముందుకు కదిలేవి ఎన్ని అన్నది, అక్కడే వణుకుతున్నవి కాదు. డోసుకు ఎన్ని స్ట్రాలో కూడా దాని పక్కనే అడగండి.

చీల్చి చూసే పరీక్ష ఇలా చేయాలి. ఒకే కలెక్షన్, ఒకే సెంట్రిఫ్యూజ్, ముద్దను రెండు ట్యూబుల్లోకి పంచి ఒకదానిలో ఒక ఎక్స్‌టెండర్, రెండోదానిలో ఇంకోటి. మూడు కలెక్షన్లు అలా. స్ట్రాల మీద కోడ్ మాత్రమే, చూసే మనిషికి ఏది ఏదో తెలియకూడదు. తేడా 5 శాతం ఉంటే చవకది తీసుకోండి. 15 ఉంటే ఇక ఆలోచన అనవసరం. రెండింటిలోనూ 20 దాటకపోతే ఆ గుర్రాన్ని ఫ్రీజింగ్ నుంచి తప్పించండి.

అయితే అలా తప్పించే ముందు వీర్యం తప్పేనా అని కనుక్కోవాలి. గుర్రంలో ఒక కణం తయారవడానికి 57 రోజులు పడుతుంది. రెండు నెలల కింద వచ్చిన జ్వరం ఇవాళ్టి స్ట్రాలో కనిపిస్తుంది. చాలాకాలం విశ్రాంతిలో ఉన్న గుర్రం తొలి కలెక్షన్‌లో నిల్వ ఉన్న పాత కణాలే ఎక్కువ. నాలుగైదు రోజులు వరసగా తీసి పారబోసి, తర్వాత రోజు విడిచి రోజు ఫ్రీజ్ చేయడం పద్ధతి. కొత్త రబ్బరు లైనరు, సబ్బు మిగిలిన సీసా, నల్ల రబ్బరు పిస్టన్ ఉన్న సిరంజి, ఇవన్నీ కణాలకు విషమే. వీర్యం పసుపు రంగులో, మూత్రం వాసనతో ఉంటే ఆ రోజు పని ఆపేయండి, ఏ ఎక్స్‌టెండరూ దాన్ని కాపాడదు.

నిల్వ గురించి మన దగ్గర చాలామందికి తెలిసిందే, అయినా రెండు మాటలు. ఆవులకు వాడే బీఏ–3 నైట్రోజన్ జార్ పొలానికి తీసుకెళ్లడానికే. నిల్వకు బీఏ–35 లాంటిది కావాలి. డోసుకు ఎనిమిది లావు స్ట్రాలు కాబట్టి స్ట్రాలు పెట్టే గోబ్లెట్లు (చిన్న కప్పులు) తొందరగా నిండిపోతాయి, వెతకడానికి అవి ఉండే క్యానిస్టర్‌ను జార్ మెడ దాకా లేపి ఉంచే సేపు పెరుగుతుంది. పది సెకన్లలో దొరక్కపోతే కిందికి దించి, మళ్లీ లేపండి. మట్టం కొలవడానికి చెక్క పుల్ల వాడండి, బోలు గొట్టం పెడితే నైట్రోజన్ పైకి చిమ్ముతుంది.

ఆడగుర్రం వైపు పని గట్టిగా ఉండకపోతే పై ఖర్చంతా దండగే. కరిగించిన కణాలు గర్భాశయంలో బతికేది 12 నుంచి 24 గంటలు. అండం విడుదలకు 12 గంటల ముందు నుంచి 6 గంటల తర్వాత దాకా ఉన్న ఆ కాస్త వ్యవధిలోనే వీర్యం పడాలి. ఫాలికిల్ (అండం పెరిగే బుడగ) 35 మి.మీ. దాటాక హెచ్‌సీజీ (అండం విడుదల చేయించే హార్మోను) ఇస్తే సాధారణంగా 36 నుంచి 48 గంటల్లో విడుదలవుతుంది. ఆరు గంటలకోసారి స్కానింగ్ చేయగలిగితే విడుదల అయ్యాక ఒక్క డోసు చాలు. చేయలేకపోతే హెచ్‌సీజీ ఇచ్చిన 24 గంటలకు ఒకటి, 40 గంటలకు ఒకటి, రెండు డోసులు వేయాలి. వీర్యం వేసిన నాలుగైదు గంటల తర్వాత గర్భాశయంలో నీరు నిలిచి ఉంటే కడిగి, గర్భాశయాన్ని ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ ఇవ్వాలి. కరిగించిన వీర్యానికి వాపు మామూలు కంటే ఎక్కువగానే వస్తుంది.

ఎవరు కొనకూడదో కూడా చెప్పాలి. థరోబ్రెడ్ పెంచేవాళ్లకు ఇదంతా అనవసరం. కృత్రిమ గర్భధారణతో పుట్టిన పిల్లను స్టడ్‌బుక్‌లో నమోదు చేయరు, అది ఎంత వేగంగా పరుగెత్తినా మలక్‌పేట రేసుల్లో దిగలేదు. మార్వారీ, కాఠియావాడీ, విదేశీ వార్మ్‌బ్లడ్ పెంచేవాళ్లకే ఇది. వాళ్లు కూడా ఆడగుర్రం ఒక రోజు ప్రయాణ దూరంలో ఉంటే ఫ్రీజ్ చేయొద్దు. ఈక్విటైనర్ లాంటి పెట్టెలో చల్లార్చిన వీర్యం, ముందుకు కదిలే కణాలు 100 కోట్లతో పంపితే గర్భం నిలిచే అవకాశం ఎక్కువ, ఖర్చు తక్కువ. మార్వారీ, జంస్కారీ గుర్రాల మీద మన దేశంలో ఎక్కువ అనుభవం ఉన్నది హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి, దాని బికనేర్ క్యాంపస్‌కి. పిండ మార్పిడితో తొలి మార్వారీ పిల్ల రాజ్‌ప్రథమ 2023 మే 19న పుట్టింది బికనేర్‌లోనే. గ్లాండర్స్ (మనుషులకూ అంటే గుర్రాల జబ్బు) పరీక్ష లేని గుర్రం నుంచి కలెక్షన్ చేయొద్దన్నది వేరే చెప్పనక్కర్లేదు.

మార్కులు వేయమంటే పెట్టెతో పనిచేసేవాళ్ల కోణంలో బోటుక్రయోకి ఐదుకి నాలుగున్నర, ఇన్రా ఫ్రీజ్‌కి మూడున్నర (మిషను ఉంటే నాలుగున్నర), ఇంటి మిశ్రమానికి రెండు. ఆర్డర్ పెట్టేటప్పుడు కలెక్షన్‌కి బోటుక్రయో 40 మి.లీ., కణాల గాఢత సగమే కాబట్టి ఇన్రా ఫ్రీజ్ అయితే దానికి రెట్టింపు లెక్కేసుకోండి. తొలి మూడు చీల్చిన కలెక్షన్లకు బోటుక్రయో 60 మి.లీ., ఇన్రా ఫ్రీజ్ 120 మి.లీ. సరిపోతాయి. మిగతాది ఆ స్ట్రాలు కరిగించి చూశాకే తెప్పించాలి. వచ్చిన సీసాల మీద తేదీ వేసి ఫ్రీజర్‌లో దాచుకోండి, ఆ రోజుకు పట్టేన్నే కరిగించండి. మొత్తం సీసా కరిగించి, మిగిలింది మళ్లీ ఫ్రీజర్‌లో తోసేస్తే పచ్చసొన విరిగి, రెండోసారికి పనికిరాదు.